తేడా వస్తే తీసేయడమేనా?

"పిల్లలు పుట్టేశారు. ఆపరేషనూ అయిపోయింది. ఇంక ఆ సంచితో పనేముందే? తీయించేసుకుంటే ఓ బాధ వదిలిపోద్ది."

బండారులంకలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో నాకే లెక్క లేదు. మగ్గం గుంట పక్కన కండెలు చుట్టుకుంటూ అత్త కోడలితో అంటుంది. అమలాపురం బస్సులో పక్క సీటావిడ ముక్కూ మొహం తెలియని మనిషితో అంటుంది. మందుల షాపులో కుర్రాడు అంటాడు. చివరికి తెల్లకోటు వేసుకున్నాయనా అంటాడు. కాకపోతే ఆయన "లేకపోతే క్యాన్సర్‌లోకి దిగొచ్చు" అని ఒక ముక్క చేరుస్తాడు. ఆ ముక్క చెవిన పడ్డాక ఇంట్లో మాటలుండవు. మర్నాడు మెడలోని గొలుసు తాకట్టుకి వెళ్తుంది.

పోయిన ఏడాది మా వదిన చేతికి ఒక కాగితం వచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం చేసే పరీక్షలో 'వీఐఏ పాజిటివ్' అని రాసి, పై ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోమన్నారు. వారం తిరక్కుండా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమెకి గర్భసంచి తీసే తేదీ ఇచ్చేశారు. మధ్యలో ఇంకో పరీక్ష లేదు. చిన్న ముక్క తీసి ల్యాబుకి పంపింది లేదు. ఆమెకి 38 ఏళ్ళు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ తేదీ.

పరీక్షలో తేడా వచ్చిందంటే గర్భసంచి పాడైపోయినట్టే, పాడైపోయిన దాన్ని తీసేయడమే మందు అనే అభిప్రాయం మన వైపు ఎంత గట్టిగా పాతుకుపోయిందో చెప్పడానికి నా అనుభవం అక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చాలు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.7. తెలంగాణలో 8.2. అంతకుముందు 2015-16 సర్వేలోనూ 8.9తో మనమే ముందున్నాం. తెలుగు ఆడవాళ్ళ గర్భసంచులకే దేశంలో ఎక్కడా లేని జబ్బులు వస్తున్నాయని ఎవరైనా నమ్మగలరా? 2019-21 సర్వేలోనే ఇంకో అంకె ఉంది. 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఈ క్యాన్సర్ కోసం జీవితంలో ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. సంచి తీయించుకోవడానికి లేని జంకు, సంచి మూతిని ఒకసారి చూపించుకోవడానికి ఉంది.

భయం అబద్ధమని నేననడం లేదు. 2022లో మన దేశంలో సుమారు 1,27,000 మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చిందని, దాదాపు 80,000 మంది దీనితో చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. భయపడాల్సిన జబ్బే. అయితే ఇంత నెమ్మదిగా నడిచే క్యాన్సర్లు తక్కువ. హెచ్‌పీవీ అనే వైరస్ ముఖద్వారంలో చేరి, పోకుండా ఏళ్ళ తరబడి ఉండిపోతే, కణాలు మెల్లగా మారి, అది క్యాన్సర్ కావడానికి మామూలుగా పది, పదిహేను, ఇరవై ఏళ్ళు కూడా పడుతుంది. ఈ వైరస్‌కీ ఈ క్యాన్సర్‌కీ ఉన్న ముడిని విప్పిన హరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. అన్నేళ్ళ వ్యవధి ఉన్న జబ్బుకి వారం రోజుల్లో కత్తి ఎందుకు పట్టుకోవాలో ఆ తేదీ ఇచ్చినవాళ్ళే చెప్పాలి.

ఇంతకీ ఆ కాగితం ఏం చెప్పింది?

గర్భసంచి బోర్లించిన బేరిపండులా ఉంటుందనుకుంటే, కింద యోనిలోకి కనిపించే సన్నటి కొసే ముఖద్వారం. దాని మీద రెండు రకాల పొరలు కలిసే అంచు ఒకటి ఉంటుంది. ఈ క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ ఆ అంచు దగ్గరే మొదలవుతుంది. వీఐఏ పరీక్షలో అక్కడ 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే వంటింటి వెనిగర్ లాంటిదే, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. కణంలో కేంద్రకం పెద్దదై ప్రొటీన్ ఎక్కువున్న చోట తెల్లగా పొంగుతుంది. ఆ తెల్లమచ్చే 'పాజిటివ్'. సమస్య ఏమిటంటే మామూలు ఇన్‌ఫెక్షన్ ఉన్నా తెల్లబడుతుంది, పొర తనంతట తాను మారుతున్న చోటా తెల్లబడుతుంది. పాజిటివ్ వచ్చినవాళ్ళలో ఎక్కువ మందికి లోపల ముదిరిన మార్పు ఏదీ ఉండదు. ఇది జల్లెడ పట్టడం. జల్లెడలో నిలిచిందల్లా రాయి కాదని బియ్యం ఏరే ప్రతి ఇల్లాలికీ తెలుసు. చేతిలోకి తీసుకుని వెలుతురులో చూసి, అప్పుడు పారేస్తాం.

పాప్ స్మియర్ చేయించుకున్నవాళ్ళ కాగితాల మీద ఉండే మాటలు ఇంకా భయపెడతాయి. 'ఇన్‌ఫ్లమేటరీ' అని రాసుంటే వాపు లేదా ఇన్‌ఫెక్షన్ జాడ కనిపించిందని. అది క్యాన్సర్ ముందు దశ కాదు. 'మెటాప్లేసియా' అంటే ఆ అంచులో ఒక పొర ఇంకో పొరగా మారడం. ప్రతి ఆడమనిషిలోనూ జరిగేదే. ఇక 'ఎరోషన్'. గర్భసంచికి పుండు పడిందని మనూళ్ళో చెప్పుకునేది చాలాసార్లు ఇదే. లోపలి ఎర్రటి పొర కాస్త బయటికి వచ్చి కనిపిస్తుంది. కాన్పులైన వాళ్ళలో, కుటుంబ నియంత్రణ మాత్రలు వాడేవాళ్ళలో ఇది మామూలు. పుండు కాని దానికి పుండని పేరు పెట్టి, ఆ పేరు చూపించి సంచి తీసేసిన సంగతులు నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఒక్క తప్పుడు మాట ఎన్ని శరీరాలను కోసిందో తలుచుకుంటే కోపం ఆగదు.

నిజంగా పట్టించుకోవాల్సిన మాటలు వేరే ఉన్నాయి. 'ఏఎస్‌సీ-యూఎస్' అంటే కణాలు కాస్త తేడాగా ఉన్నాయి, ఏమిటో తేలలేదని. హెచ్‌పీవీ పరీక్షతో తేల్చుకోవచ్చు, లేదా ఏడాదికి స్మియర్ మళ్ళీ చేయించుకోవచ్చు. 'ఎల్‌ఎస్‌ఐఎల్' అంటే తక్కువ స్థాయి మార్పు. చాలామందిలో శరీరమే వైరస్‌ని తరిమేస్తుంది, మార్పు వెనక్కి పోతుంది. 'హెచ్‌ఎస్‌ఐఎల్' అంటే ఎక్కువ స్థాయి మార్పు. ఇది క్యాన్సర్ అని కాదు గానీ ఆలస్యం చేయకూడని కబురు. ఈ కాగితం వచ్చినవాళ్ళు పండగ వెళ్ళాక చూద్దాం, నూలు ఆర్డరు అయ్యాక చూద్దాం అనుకోకూడదు.

హెచ్‌పీవీ పాజిటివ్ అని వస్తే మన ఇళ్ళలో మొదట జరిగేది వైద్యం కాదు, గొడవ. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని. కాపురం చేసేవాళ్ళలో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తగిలే వైరస్ ఇది. ఎక్కువమందిలో ఏడాది రెండేళ్ళలో పోతుంది. కొందరిలో ఏళ్ళ తరబడి చడీచప్పుడు లేకుండా ఉండి తర్వాత కనిపిస్తుంది. ఇవాళ పాజిటివ్ అంటే నిన్న ఎవరో తప్పు చేశారని అర్థం తీయడానికి వీల్లేదు. భర్తలు ఈ సంగతి తెలుసుకుంటే సగం మంది ఆడవాళ్ళు పరీక్షకు జంకరు. ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమైన 16, 18 రకాలు కనిపిస్తే నేరుగా తర్వాతి మెట్టుకి వెళ్ళాలి. మిగతా రకాలైతే ఇంకో పరీక్షతో సరిచూసి, అది బాగుంటే ఏడాదికి మళ్ళీ రమ్మంటారు.

ఆ తర్వాతి మెట్టు పేరు కాల్పోస్కోపీ. పేరు భయపెట్టినా, కళ్ళద్దాల దుకాణంలో కంటి పరీక్షంత మామూలుది. ముఖద్వారాన్ని వెలుతురులో, పెద్దదిగా చూపించే దుర్భిణితో, బయటి నుంచే చూస్తారు. 1925లో జర్మనీలో పుట్టిన పరికరం. నూరేళ్ళు దాటిన సంగతిని కొత్త వింతలా దాచిపెట్టాల్సిన పనేముంది? అనుమానమున్న చోట బియ్యపు గింజంత ముక్క తీసి ల్యాబుకి పంపుతారు. చీమ కుట్టినట్టు, ముట్టు నొప్పిలా కాసేపు ఉంటుంది. ఆ ముక్క నోటి నుంచి వచ్చిందే అసలు ఫలితం. అంతవరకూ వచ్చినవన్నీ అనుమానాలే.

ముక్క పరీక్షలో తేలిన మార్పు స్థాయిని సీఐఎన్ 1, 2, 3 అని రాస్తారు. సీఐఎన్ 1 అంటే ఎక్కువ భాగం రెండేళ్ళలో తగ్గిపోయేవే, చూస్తూ ఉంటారు. సీఐఎన్ 2 కూడా సుమారు సగం మందిలో వెనక్కి పోతుంది గానీ, వయసూ ఇతర సంగతులూ చూసి చాలాసార్లు చికిత్స చేస్తారు. సీఐఎన్ 3కి చికిత్స చేయాల్సిందే. చికిత్స అంటే ఏమిటి? చల్లటి గ్యాసుతో ఆ మచ్చను గడ్డకట్టించడం ఒకటి. వేడి కొనతో నిమిషంలోపు కాల్చేయడం ఒకటి. మచ్చ పెద్దదైనా లోపలికి వెళ్ళినా, కరెంటు తీగ ఉంగరంతో ఆ పైపొరను గోరంత మందాన చెక్కేయడం మూడోది. దీన్ని లీప్ అంటారు. అక్కడికక్కడే మత్తు సూది, సాయంత్రానికి ఇల్లు. కొన్ని వారాలు నీళ్ళలా డిశ్చార్జ్ అవుతుంది, నెల పైన భార్యాభర్తలు దూరంగా ఉండాలి, బరువులెత్తకూడదు. ఏడాదికి మళ్ళీ పరీక్ష. గర్భసంచి ఎక్కడిది అక్కడే ఉంటుంది.

మా అన్నయ్య మగ్గం మనిషి. ఇదంతా చెప్తే కాసేపు ఊరుకుని, "పడుగులో పోగు తెగితే ఆ పోగే అతుక్కుంటామే. దానికి మగ్గం పీకి గట్టున పారేస్తే ఎలాగ?" అన్నాడు. డాక్టర్లకి ఎదురు చెప్పగలమా అని వారం రోజులు నాతో వాదించిన మనిషే.

తీసేయమనేవాళ్ళ వాదనలు నేను తేలిగ్గా కొట్టిపారేయను. అందులో గట్టిది ఒకటుంది. మంచి డాక్టర్ల నోటే విన్నాను. "వీళ్ళు మళ్ళీ రారు. ఏడాదికి రమ్మంటే పదేళ్ళకి రక్తం కారుతుంటే వస్తారు. అందుకే ఒకేసారి తీసేస్తే నయం." మళ్ళీ రాకపోవడం నిజమే. కూలి పోతుంది, తోడు దొరకదు, ముందు వెళ్ళినప్పుడు పడిన మాటలు గుర్తుంటాయి. కానీ మళ్ళీ రాలేని మనిషి కోసమే కదా, చూసిన రోజే మచ్చను కాల్చేసే పద్ధతి వచ్చింది! పైగా ఒక్కసారి సరిగ్గా చూసినా ఎంత మేలో మన దేశమే ప్రపంచానికి చూపించింది. మహారాష్ట్రలో అప్పటి ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో లక్షా ముప్పై వేల మందికి పైగా ఆడవాళ్ళతో జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. అందులో ఒక గుంపుకి జీవితంలో ఒకే ఒక్క హెచ్‌పీవీ పరీక్ష, తేడా వచ్చినవాళ్ళకి కాల్పోస్కోపీ, అవసరమైన వాళ్ళకి చికిత్స. ఆ గుంపులో ఈ క్యాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గాయి. ఆ పల్లెల వాళ్ళు మనకంటే చదువుకున్నవాళ్ళేం కాదు, డబ్బున్నవాళ్ళూ కాదు. ఊరి గర్భసంచులన్నీ పీకితే వచ్చిన ఫలితం కాదది.

రెండో వాదన, సంచే లేకపోతే క్యాన్సర్ ఎక్కడొస్తుందని. వైరస్ సంచితో పాటు బయటికి వెళ్ళిపోదు. ముఖద్వారంలో ముదిరిన మార్పులు ఉండి సంచి తీయించుకున్నవాళ్ళకి ఆ పైన మిగిలిన యోని కొసలో అవే మార్పులు రావచ్చు. అందుకే ఆపరేషన్ అయ్యాక కూడా వాళ్ళు పరీక్షలకు వెళ్ళాలి. ఆ ముక్క చెప్పి పంపేవాళ్ళెందరు? ఇంతకంటే ఘోరం ఇంకోటుంది. ముక్క పరీక్ష చేయకుండా మామూలు పద్ధతిలో సంచి తీసేశాక, లోపల అప్పటికే క్యాన్సర్ ఉందని తేలితే? ఆ క్యాన్సర్‌కి చేయాల్సిన ఆపరేషన్ వేరు, దాని వెడల్పు వేరు. కొన్ని దశల్లో ఆపరేషనే చేయరు, రేడియేషన్ ఇస్తారు. తొందరపడి కోసిన కోత అసలు వైద్యాన్ని చిక్కుల్లో పడేస్తుంది. క్యాన్సర్ భయంతో చేసిన పని క్యాన్సర్‌కే మేలు చేసినట్టవుతుంది.

మూడోది, అన్నిటికంటే పాతది. పిల్లలయ్యాక సంచితో పనేముందని. ఆడదాని ఒంట్లో ఒక భాగం విలువ పిల్లల లెక్కతో కట్టే మాట ఇది. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పైల్లోనే ముట్లుడిగిన ఒళ్ళవుతుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది, ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర ఉండదు. అండాశయాలు ఉంచినా, సంచి తీయించుకున్నవాళ్ళకి ముట్లుడిగే వయసు ముందుకు జరుగుతుందని తెలిసిన విషయమే. మా వీధిలో గుంటమగ్గం తొక్కడం మానేసిన ఆడవాళ్ళని అడగండి. నడుం నొప్పి ఎప్పటి నుంచి అంటే, "ఆపరేషన్ అయ్యాకేనండి" అని వాళ్ళలో చాలామంది ఒకే మాట చెప్తారు. ఆ నొప్పికి కారణం ఆపరేషనేనని నేను తేల్చి చెప్పలేను. కానీ వాళ్ళనెవరూ తర్వాత అడగలేదు, అది మాత్రం చెప్పగలను.

సంచి తీయాల్సిన సందర్భాలు లేవా అంటే, ఉన్నాయి. మందులకు లొంగని రక్తస్రావం, పెద్ద గడ్డలు, సంచి జారిపోవడం, ముక్క పరీక్షలో తేలిన కొన్ని రకాల మార్పులు, తొలి దశ క్యాన్సర్. నా గొడవ ఆ ఆపరేషన్లతో కాదు. ఆరోగ్యశ్రీ వచ్చిన తొలి ఏళ్ళలో గర్భసంచి ఆపరేషన్లు ఎంత పెరిగాయంటే, ప్రైవేటు ఆసుపత్రుల్లో వాటికి ప్రభుత్వమే కళ్ళెం వేయాల్సి వచ్చింది. రాజస్థాన్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలో అనవసరంగా సంచులు తీశారని డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. అంటే ఇది ఒక ఊరి మూఢత్వం కాదు. డబ్బు, తీరిక లేకపోవడం, ఆడవాళ్ళ ఒంటి మీద చులకన కలిసి నడిపిస్తున్న వ్యవహారం.

ఇది చదివి, సరే ఏమీ అక్కర్లేదన్నమాట అని కాగితం బీరువాలో పెట్టేసేవాళ్ళకి ఇంకా గట్టిగా చెప్పాలి. న్యూజిలాండ్‌లో ఆక్లండ్ నగరపు పెద్ద మహిళా ఆసుపత్రిలో 1960ల్లో ఒక డాక్టరు ఈ ముందు దశ మార్పులు క్యాన్సర్‌గా మారవని నమ్మి, చికిత్స చేయకుండా ఊరికే చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు 1987లో ఒక పత్రికలో వ్యాసం రాసి ఆ సంగతి బయటపెట్టారు, విచారణ జరిగింది. తర్వాత ఆ రికార్డులన్నీ తిరగేస్తే, సీఐఎన్ 3కి సరైన చికిత్స అందనివాళ్ళలో 30 ఏళ్ళలో నూటికి 31 మందికి క్యాన్సర్ వచ్చింది. చికిత్స జరిగినవాళ్ళలో నూటికి ఒక్కరు కూడా లేరు, 0.7 శాతం. మన ఢిల్లీలోనే 1976 నుంచి 1988 దాకా ఐసీఎంఆర్ అధ్యయనంలో ఇలాంటి మార్పులున్న 1,158 మంది ఆడవాళ్ళని చికిత్స లేకుండా గమనించారు. కొందరికి క్యాన్సర్ దాకా ముదిరింది. 1997లో ఆ సంగతి పత్రికలకెక్కింది. పట్టించుకోకపోవడానికి ఖరీదు ఇది. ముదిరిన మార్పు తేలితే ఆరు నెలలు దాటకుండా చికిత్స అయిపోవాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో జబ్బు త్వరగా నడుస్తుంది కాబట్టి వాళ్ళు ఇంకా ముందుండాలి. ఇంకో మాట. భర్తతో కలిసిన తర్వాత రక్తం, ముట్టుకీ ముట్టుకీ మధ్య రక్తం, ముట్లుడిగాక రక్తం, దుర్వాసనతో డిశ్చార్జ్ ఉంటే పాత స్మియర్ బాగుంది కదా అని ఆగకండి. వెంటనే డాక్టరు చూడాలి.

కాబట్టి కాగితం చేతికి వచ్చిన రోజున దాన్ని పారేయకండి, ఫోటో తీసి ఉంచుకోండి. ఏ పరీక్ష చేశారో, ఏ మాట రాశారో ఏఎన్ఎం చేత చదివించుకోండి. ఎవరైనా సంచి తీయాలంటే మూడే అడగండి: "కాల్పోస్కోపీ చేశారా? ముక్క పరీక్ష ఏం చెప్పింది? లీప్‌తో సరిపోదని ఎలా అనుకుంటున్నారు?" గొంతు పెంచక్కర్లేదు. అండీ అనే అడగండి. జవాబు రాకపోతే చెప్పులేసుకుని బయటికి వచ్చేయండి. బోధనాసుపత్రుల గైనిక్ విభాగానికి వెళ్ళేముందు కాల్పోస్కోపీ ఏ వారం చేస్తారో ఫోన్ చేసి కనుక్కుంటే ఒక రోజు కూలి మిగులుతుంది. ముట్టు రోజుల్లో వెళ్ళకండి, చూడటానికి వీలు కాదు. కడుపుతో ఉంటే ముందే చెప్పండి. చూస్తారు గానీ, క్యాన్సర్ అనుమానం లేకపోతే చికిత్స కాన్పయ్యాకే.

మా వదిన ఆపరేషన్ తేదీ నాటి ఉదయం మేం యానాం వంతెన మీద ఉన్నాం. గౌతమి నిండుగా పారుతోంది. ఆమె మాట్లాడలేదు. కాకినాడ పెద్దాసుపత్రిలో రెండు గంటలు వరుసలో కూర్చున్నాం. లోపల పది నిమిషాలు. ముక్క ఫలితం వచ్చేదాకా ఆమె సరిగ్గా అన్నం తినలేదు, ఆ రోజులు తేలికని నేను ఎవరికీ చెప్పను. సీఐఎన్ 1 అని వచ్చింది. ఇప్పుడు చికిత్స అక్కర్లేదు, ఏడాదికి రండి అన్నారు. "ఏడాదికి నాకు గుర్తుంటదా?" అంది వదిన బస్సులో. కొత్త క్యాలెండర్ ఇంకా రాలేదు. ఇంటికి రాగానే అన్నయ్య నూలు లెక్కల పుస్తకం తీసి, అట్ట లోపలి వైపు, బాకీలు రాసుకునే చోట ఎర్ర పెన్నుతో ఆ తేదీ వేసి, పక్కన 'వదిన—కాకినాడ' అని రాశాను.